కేకులో తరుగు

"కూలెంతో ముందు చెప్పు," అన్నాడు బ్రహ్మయ్య, జట్కా దిగీ దిగకముందే.

రాహేలు చేతులకంటిన మైదాపిండిని చెంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఏం కేకో, ఎంత కేకో, ఎప్పటికి కావాలో చెప్పకుండా కూలి అడిగే మనిషిని ఆమె ఇంతకుముందు చూడలేదు. నరసరావుపేటలో మిషను బంగళా వెనక వీధిలో, తన పెరట్లోనే ఇటుకల పొయ్యి కట్టించుకుని కేకులు కాల్చడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా చర్చివాళ్లే. పెళ్లికో క్రిస్మస్‌కో మైదా, పంచదార, గుడ్లు సంచిలో పెట్టుకుని వచ్చేవారు. కేకు తీసుకునేటప్పుడు "మనవాళ్లమే గదా రాహేలూ" అని నవ్వి, చేతికి ఎంత తగిలితే అంత పెట్టి వెళ్లేవారు. ఆ నవ్వు చూస్తే ఇక ఆమెకు నోరు పెగిలేది కాదు.

బ్రహ్మయ్య చర్చివాడు కాదు. నకరికల్లు మోతుబరి. ముప్పై ఎకరాల మెట్ట, పత్తి మిరప వ్యాపారం, ఊళ్లో పంచాయతీ పెత్తనం అన్నీ ఉన్నవాడు. ఆయన ఇంటి వసారాలో దూలానికి కాటా ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. మిరపకాయలైనా పత్తైనా, చుట్టాలు ముచ్చటపడి తెచ్చిన మామిడిపళ్లయినా ఒకసారి దాని మీదికెక్కి దిగాల్సిందేనని ఊళ్లో వేళాకోళం.

"కేకు ఎట్టాంటిదో చెప్తే గదయ్యా కూలి చెప్పేది," అంది రాహేలు.

"మా మనవడి పుట్టినరోజు. మొదటిది. మా అల్లుడు సాగర్ డ్యాం కాడ ఓవర్సీరు. వాళ్ల ఆఫీసులో ఎవరో హైదరాబాదు నుంచి ఓడలాగా చేసిన కేకు తెప్పించారంట. మనోడికి మనసైంది. డ్యాం చెయ్యాల. గేట్లు, నీళ్లు దూకటం, మొత్తం. ఆవలెల్లుండి పొద్దున్నే మా ఇంట్లో ఉండాల."

"డ్యామా?"

"సాగర్ డ్యాం. చూళ్లేదా?"

రాహేలు చూడలేదు గానీ ఆమె మొగుడు నెహెమ్యా చూశాడు. తాపీమేస్త్రి. కొన్ని నెలలు అక్కడ రాళ్లు పేర్చి, చలిజ్వరం తగులుకుంటే ఇంటికొచ్చి పడ్డవాడు. ఇప్పుడతను దడి పక్కన నిలబడి రాహేలుకు మాత్రమే కనిపించేలా రెండు చేతుల పదివేళ్లూ చాపి, తర్వాత ఒక చేతి అయిదు వేళ్లు మళ్లీ చూపించాడు. పదిహేను అడగమని. రెండు రోజుల పని, కట్టెలు, పొయ్యి, పైగా బండిలో అంత దూరం పోవటం. మేస్త్రి లెక్కలో పదిహేనుకు ఒక్క పైసా తగ్గదు.

రాహేలు ఆ వేళ్లు చూసింది. పదిహేను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బ్రహ్మయ్య ఉత్తరీయం, చేతికర్ర, జట్కా చూసేసరికి ఏమైందో ఏమో, "మీకు తోచింది ఇయ్యండయ్యా" అనేసింది. దడి పక్కన నెహెమ్యా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"తోచింది అంటే తర్వాత తగాదా. ఏదో ఒకటి చెప్పు."

"పన్నెండు," అంది. అనగానే ఎక్కువ చెప్పానేమోనని భయపడింది.

బ్రహ్మయ్య బేరమాడలేదు. అది చూసి ఆమెకు ఇంకాస్త భయం వేసింది. "సరే. సరుకంతా నాది. నా కాటా మీద తూకమేసి పంపిస్తా. కేకు గూడా అదే కాటా మీదికెక్కాలి. పంపిన బరువు పంపినట్టు వస్తేనే కూలి," అన్నాడాయన. "మా పిల్ల పెళ్లికి కంసాలి తరుగు, తరుగు అంటా కాసుల బంగారం మింగాడు. అప్పట్నుంచి నాకు తరుగు మాట వింటేనే ఒళ్లు మండుద్ది."

"తూకమేస్తే కేకు పాడైపోద్దయ్యా," అంది రాహేలు నవ్వబోయి. ఆయన నవ్వలేదు.

జట్కా వీధి మలుపు తిరిగాక నెహెమ్యా దగ్గరికొచ్చాడు. "పదిహేను చూపిస్తే పన్నెండంటావా? నేను గోడ కట్టి మీకు తోచింది ఇయ్యండి అంటే మన ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేచుద్దా?"

"గోడ వేరు, కేకు వేరు."

"ఏంది వేరు?"

నిజం చెప్పాలంటే గోడ కట్టినవాడు ఇటుకలు దొంగిలించాడని ఎవరూ అనరు. కేకు సంగతి అట్లా కాదు. ఆ ఊళ్లో బంగారమిచ్చి నగ చేయించుకున్నట్టు, సరుకిచ్చి కేకు చేయించుకోవడమే పద్ధతి. పంచదార దొరకటమే గగనంగా ఉన్న రోజులు. పరాయిదాని చేతికి వెన్న, పంచదార అప్పజెప్పడమంటే ఆ చేతిని నమ్మడమే. క్రిస్మస్ నెల రానే వచ్చింది. ఇప్పుడు ఎవరైనా రాహేలు చెయ్యి మంచిది కాదని ఒక్క మాటంటే చాలు, ఇక ఆ పెరట్లోకి సంచి పట్టుకుని ఎవరూ రారు.

*

మర్నాడు పొద్దున్నే నకరికల్లు నుంచి గూడుబండి వచ్చింది. అందులో ఒక గోనెలో మైదా, ఒక గుడ్డసంచిలో పంచదార, మూకుడు మూతేసిన కుండలో గేదె వెన్న, వడ్లపొట్టులో పెట్టిన గుడ్ల బుట్ట, కిస్మిస్, జీడిపప్పు ఉన్నాయి. వాటన్నిటి మధ్యా ఒక పెద్దావిడ కూడా ఉంది.

"నేను బ్రహ్మయ్య అక్కని. వెంకాయమ్మ," అంటూ ఆమె బండి దిగింది. తెల్లచీర, బోసి మెడ, చేతిలో మరచెంబు. "కాపలాకొచ్చా. సరుకు చూసుకోమన్నాడు మా తమ్ముడు. నీకు కోపం వచ్చుద్దని దారంతా అనుకుంటానే వచ్చా."

అంత నేరుగా చెప్పిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో రాహేలుకు తెలియలేదు. పెరట్లో మునగచెట్టు కింద పీట వేసింది. వెంకాయమ్మ ఆ పీట పక్కకు జరిపి, తను తెచ్చుకున్న చాప పరుచుకుని కూర్చుంది. మంచినీళ్లు ఇవ్వబోతే మరచెంబు చూపించింది. తినడానికి అటుకులు, బెల్లంముక్క మూటగట్టుకుని వచ్చింది. మొగుడు పోయిన ఏడే గుడ్డు, మాంసం మానేసింది. రోజుకొక్క పూట, అదీ తన చేత్తో వండుకుంటేనే తింటుంది. ఈ సంగతులన్నీ ఆమె గొప్పకు చెప్పలేదు. రాహేలు రెండోసారి నీళ్లు తెస్తే, ఆ పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందేమోనని చెప్పింది.

వెన్న కుండ మూత తీయగానే రాహేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఈ వెన్న ఎవరు తీశారమ్మా? పులుపు లేదు, ఉప్పు లేదు. బంగళా దొరసాని గూడా ఇట్టాంటి వెన్న చూసుండదు."

వెంకాయమ్మ ముఖం విప్పారింది. "నేనే చిలికా. మా మరదలికి చిలకటం చేతగాదు, గబగబా చేస్తది."

ఇక ఆ పూటంతా ఇద్దరికీ మాటలకు కరువు లేదు. పెద్ద ఇత్తడి బేసిన్లో వెన్న, పంచదార వేసి రాహేలు చెక్క తెడ్డుతో గిలకొట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒకే వైపుకు తిప్పాలి. వెన్న పచ్చదనం పోయి తెల్లగా పొంగి, వేలితో తాకితే పంచదార పలుకు తగలకుండా ఉండేదాకా ఆపకూడదు. తర్వాత ఒక్కో గుడ్డే చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, అందులో పోయాలి. ఒక్క చెడ్డ గుడ్డు పడితే బేసినంతా బుగ్గిపాలే. వెంకాయమ్మ బుట్టలోంచి గుడ్లు లెక్కబెట్టి ఒక్కొక్కటే అందించసాగింది. తినకపోయినా ముట్టుకుంటే పోయేదేముందని తనే అనుకుంది. గుడ్డు పోసినప్పుడల్లా తెడ్డు ఎందుకంత సేపు తిప్పాలో అడిగింది. గుడ్డు వెన్నతో కలవకుండా విరిగిపోతే కేకు అడుగున బంకలాగా ఉండిపోద్దని రాహేలు చెప్పింది.

"మజ్జిగ సంగతీ అంతేగా," అంది వెంకాయమ్మ. "వెన్న పడేటప్పుడు చెయ్యి ఆపామా, ఇక చచ్చినా పడదు."

గుడ్లు సగమయ్యేసరికి రాహేలు మణికట్టు మొరాయించింది. ఆమె తెడ్డు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మళ్లీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. వెంకాయమ్మ కాసేపు చూసింది.

"ఇంట్లో ఆముదం ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"తే. చెయ్యి ఇటివ్వు."

రాహేలు వెనక్కి జంకింది. పెద్దింటి మనుషులు తన చేతిని తాకడం ఆమెకు అలవాటు లేదు. వెంకాయమ్మ ఆ జంకు చూసి, చూడనట్టు ఊరుకుని, తనే ఆ చెయ్యి లాక్కుని మణికట్టు నుంచి మోచేతి దాకా ఆముదం రాసి బొటనవేలితో గట్టిగా ఒత్తింది. రాహేలుకు హాయిగానూ ఉంది, ఏడుపూ వచ్చింది. తల్లి పోయాక అలా చెయ్యి పట్టుకుని ఒత్తినవాళ్లు లేరు.

"ఏడవబాక. అందులో కన్నీళ్లు పడితే మా తమ్ముడు వాటిని గూడా తూకమేస్తాడు," అంది వెంకాయమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

పొయ్యిలో తుమ్మకట్టెలు కాలి నిప్పులయ్యాక నెహెమ్యా వాటిని వెనక్కి నెట్టి, తడిగోనెతో అడుగు తుడిచాడు. రాహేలు వేడి చూడటానికి గుప్పెడు మైదా లోపల చల్లి, అది నల్లబడకుండా గోధుమరంగుకు వచ్చేదాకా చూసి, కిరసనాయిలు డబ్బాలు కోసి చేయించిన రేకు పెట్టెల్లో పిండి పోసి లోపలికి తోసింది. పొయ్యి మూతికి ఇటుకలడ్డం పెట్టి బంకమట్టితో మెత్తింది. కాసేపటికి మట్టి సందుల్లోంచి తెల్లటి ఆవిరి సన్నగా పైకి లేవసాగింది. వెన్న, జాజికాయ, కాలుతున్న పంచదార వాసన పెరడు దాటి వీధిలోకి పోయింది. దారిన పోయేవాళ్లు దడి మీదుగా తొంగిచూసి "ఎవరి పెళ్లి రాహేలూ?" అని అడిగారు.

"ఎవరి పెళ్లీ కాదు. మా మనవడి డ్యాం," అంది వెంకాయమ్మ, కేకు తనదే అయినట్టు.

*

రెండో రోజు డ్యాం కట్టారు. నరసరావుపేటలో అంతకు ముందు అటువంటి పని ఎవరూ చెయ్యలేదు, ఆ తర్వాతా చేసినట్టు లేదు.

రాహేలు కేకుముక్కలను ఒకదాని మీద ఒకటి నిలువుగా గోడలా పేర్చింది. నెహెమ్యా నోరు మూసుకుని చూస్తున్నాడు. అతనికి అది గొప్ప శిక్ష. మూడో వరస పెట్టగానే గోడ ముందుకు వాలింది. రాహేలు రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుని "అట్టా చూస్తా ఉంటావేందయ్యా!" అని అరిచింది.

"నన్నడిగావా? అడిగితే చెప్పేవాణ్ణి."

"ఇప్పుడడుగుతున్నా."

"అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. నీళ్లవైపు నిలువుగా ఉండాల, ఇవతల వాలుగా ఉండాల. నీళ్లు తోస్తా ఉంటే ఆ వాలే కట్టను నిలబెట్టేది. నీది గోడ. డ్యాం కాదు." అంటూ అతను వేలితో నేల మీద గీసి చూపించాడు. ఆ తర్వాత వడ్రంగి దగ్గరికెళ్లి ఒక నున్నటి పలక తెచ్చి, దాని మీద వరసలు మార్చి పేర్చాడు. జిగురుకు సున్నం బదులు పంచదార పాకం. రాహేలు సన్నటి కత్తితో వాలు చెక్కింది. చెక్కగా రాలిన ముక్కల్ని ఆమె అలవాటు కొద్దీ పక్కన పడెయ్యబోతే వెంకాయమ్మ గభాల్న డబ్బా ముందుకు తోసింది.

"అవి గూడా ఇందులోనే వెయ్యి. మావాడు అడుగుతాడు."

పంచదార దంచి, పలచటి గుడ్డలో జల్లించి, గుడ్డులోని తెల్లసొన, నిమ్మరసం పోసి కలిపింది రాహేలు. అందులో సగానికి మాడబెట్టిన పంచదార నీళ్లు చేరిస్తే రాతిరంగు వచ్చింది. గేట్లకు బిస్కట్లు. గేట్లలోంచి దూకే నీళ్లకు నీలిరంగు దొరక్క ఆమె కాసేపు దిగులుపడింది. "దూకే నీళ్లు నీలంగా ఉండవే, తెల్లగా నురగలాగుంటయి," అన్నాడు నెహెమ్యా. ఆ మాటతో ఆమె ప్రాణం కుదుటపడింది. మిగిలిన తెల్ల పంచదార ముద్దనంతా వాలు మీద నుంచి కిందికి జారవిడిచింది. అయ్యాక ముగ్గురూ దూరంగా జరిగి చూశారు. వెంకాయమ్మ, "మా మెట్టకి నీళ్లొచ్చినట్టే ఉంది," అంది.

ఆ మర్నాడు తెల్లవారగట్ల బండి కట్టారు. కింద మెత్తగా గడ్డి, దాని మీద పలక, పలక మీద డ్యాం. రాహేలు పలకను ఒక వైపు, నెహెమ్యా ఒక వైపు పట్టుకుని కూర్చున్నారు. ఎండెక్కాక పంచదార కరక్కుండా వెంకాయమ్మ నకరికల్లు దాకా దాని మీద గొడుగు పట్టింది. తన నెత్తి మీద మాత్రం చీరకొంగే. "ఇట్టియ్యండమ్మా, నేను పడతా" అని రాహేలు ఎన్నిసార్లన్నా వినలేదు.

*

బ్రహ్మయ్య వసారాలో కాటా సిద్ధంగా ఉంది. కొత్త కిలో రాళ్లు సర్కారువాళ్లొస్తే చూపించడానికి మాత్రమే. ఆయన నమ్మకమంతా పాత వీశె గుండ్ల మీదే. కేకు చూసి ఆయన ముఖం ఒక్క క్షణం పసిపిల్లాడి ముఖమైంది. "ఓరి నీ... గేట్లు గూడా!" అన్నాడు. అని, ఆ వెంటనే తమాయించుకున్నాడు. "ఎక్కించండి."

రాహేలు వాకిట్లోనే నిలబడింది. వసారా ఎక్కమని ఆమెతో ఎవరూ అనలేదు. పాలేళ్లిద్దరు పలక ఎత్తి కాటా మీద పెట్టారు. కాటా అటూ ఇటూ ఊగుతుంటే డ్యాం మీద ఒక గేటు ఊడిపడింది. రాహేలు చెయ్యి దానంతట అదే ముందుకు సాగి ఆగిపోయింది.

పలక బరువు తీసేశాడు బ్రహ్మయ్య. డబ్బాలో ముక్కలు కూడా పెట్టించాడు. ఇచ్చింది అయిదు వీశెలు. వచ్చింది నాలుగున్నర.

"అరవీశె, రెండున్నర శేర్లు, ఏమైంది?"

"గుడ్ల పెంకులు గూడా తూకమేశారయ్యా. పెంకులు కేకులో వెయ్యం గదా," అంది రాహేలు.

బ్రహ్మయ్య వేళ్ల మీద లెక్కవేశాడు. ఆయన అన్యాయస్తుడు కాడు. "నిజమే. పెంకులకి అరశేరు తీసేశా. ఇంకా రెండు శేర్లు?"

"పొయ్యిలో తగ్గుద్దయ్యా. తడి ఆవిరైపోద్ది. ఏ కేకైనా తగ్గుద్ది."

"తరుగంటావు!"

ఆ మాట వచ్చేలా ఎందుకన్నానా అని రాహేలు నాలిక్కరుచుకుంది. బ్రహ్మయ్య ముఖం ఎర్రబడింది. "కంసాలీ ఇదే మాట చెప్పాడు. నిప్పులో పోయిందన్నాడు. ఆవిరికి తూకమేందే? రెండు శేర్ల వెన్న పక్కకు తీసి, ఆవిరంటావా?"

"దేవుని తోడు, గోరంత గూడా తియ్యలేదయ్యా."

"నేను కళ్లార్పకుండా చూశా తమ్ముడూ," అంది వెంకాయమ్మ గడప దగ్గర్నుంచి. ఆమె అప్పటికే స్నానం చేసి వచ్చింది. మనవడి పేరున దేవుడి దగ్గర పెట్టే పరమాన్నం కోసం నెయ్యి గిన్నె చేతిలో ఉంది. "ఆ పిల్ల ఏమీ తియ్యలా."

"నీకు చూపానదు అక్కా. నీ కళ్ల ముందే నీకు గంతలు కట్టుంటారు." ఆయన రాహేలు వైపు తిరిగాడు. "కూలి లేదు, ఏం లేదు. వెన్న ఖరీదుకు సరి. నేను గలభా చెయ్యను. అయితే మీ పాస్టరు గారు మా కాడే మిరపకాయలు కొంటాడు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్తా. వాళ్లూ సరుకిచ్చేవాళ్లేగా, తెలుసుకోవాల."

నెహెమ్యా ఏదో అనబోయాడు. రాహేలు అతని చెయ్యి పట్టుకుంది. పన్నెండు రూపాయలు పోతే పోయినయి. క్రిస్మస్‌కు తన పెరట్లో పొయ్యి చల్లగా, శుభ్రంగా, ఊడ్చి పెట్టినట్టు కనిపించింది ఆమెకు. వాకిట్లో నలుగురు చుట్టాలు, ఇద్దరు పాలేళ్లు తననే చూస్తున్నారు. దొంగను చూసినట్టు కూడా కాదు. అనుకున్నదే అయిందన్నట్టు చూస్తున్నారు. అదే ఎక్కువ బాధగా ఉంది.

"నేను తిన్నా," అంది వెంకాయమ్మ.

బ్రహ్మయ్యకు అర్థం కాలేదు. "ఏంది?"

"కేకు. నేనే తిన్నా. ఆ రెండు శేర్లు."

"నువ్వా?"

"రెండ్రోజులు కూర్చోబెట్టావు. వాసనకి ఆగలేకపోయా. ముక్కా ముక్కా తిన్నా. ఆ పిల్ల వద్దంటానే ఉంది."

పాలేళ్లు తలొంచుకున్నారు. "వాళ్లింట్లో? గుడ్లేసింది?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఊ. బాగుంది."

రాహేలు నోరు తెరిచింది. వెంకాయమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది. మామూలుగానే చూసింది, గుడ్డు అందిస్తూ "ఇంద" అన్నప్పుడు చూసినట్టు. రాహేలు నోరు మూసుకుంది. మూసుకున్నందుకు తనను తనే క్షమించుకోలేకపోయింది. ఆ పెరట్లో రెండు రోజులూ ఆ మనిషి తన ఇంటి మంచినీళ్లు కూడా తాగలేదని ఆమెకు తెలుసు.

లోపలి నుంచి బ్రహ్మయ్య భార్య సుబ్బరత్నమ్మ వచ్చింది. ఆడబిడ్డ చేతిలోంచి నెయ్యి గిన్నె మెల్లగా తీసుకుంది.

"పరమాన్నం సంగతి నేను చూసుకుంటాలే వదినా. నువ్వు అట్టా కూర్చో."

ఆ ఇంట్లో దేవుడికి పెట్టేదేదైనా ఇన్నేళ్లుగా వెంకాయమ్మ చేతి మీదుగానే జరిగింది. పుట్టింట్లో పడి ఉన్న విధవరాలికి నగలు లేవు, పొలం లేదు, పిల్లలు లేరు. ఆమెకున్నదల్లా ఆ నియమం, దాని మీద ఇంటిల్లిపాదికీ ఉన్న గౌరవం. ఇప్పుడది నలుగురి ముందూ గిన్నెతోపాటు లోపలికెళ్లిపోయింది. వెంకాయమ్మ ఖాళీ చేతులు ఒకసారి చూసుకుని, చీరకు తుడుచుకుంది.

బ్రహ్మయ్య కాటా గొలుసు వదిలేశాడు. తర్వాత రొండిన ఉన్న సంచి తీసి పన్నెండు రూపాయలూ లెక్కపెట్టి, వాకిట్లోకి దిగి వచ్చి రాహేలు చేతికే ఇచ్చాడు. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"ఇది... ఈ సంగతి పేటలో ఎవరికీ చెప్పబాక అమ్మా. మా అక్క పెద్దమనిషి. నలుగురూ నవ్వుతారు."

"చెప్పనయ్యా," అంది రాహేలు. ఆయన తనను అమ్మా అని పిలిచినట్టు ఆమె బండి దగ్గరికి వెళ్లేదాకా గమనించుకోలేదు.

*

గొడ్లచావిడి వెనక బండి కడుతున్నారు. వెంకాయమ్మ తవుడు గంప మీద కూర్చుని ఉంది. చేతిలో ఆ ముక్కల డబ్బా. కాటా మీద నుంచి దింపాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆమే తెచ్చుకున్నట్టుంది.

రాహేలు వెళ్లి ఆమె ముందు నేల మీద చతికిలబడింది. "ఎందుకమ్మా అట్టా చెప్పారు? మీరు తినలేదు గదా."

"మావాడికి బరువు పోయిందంటే ఎవరో ఒకరి నెత్తిన పెట్టందే నిద్రపట్టదు. చిన్నప్పట్నుంచీ అంతే. నీ నెత్తిన పెడితే నీ బతుకు పోద్ది. నన్నయితే నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటారు."

"నాలుగు రోజులేనా?"

లోపల ఎవరో పరమాన్నం గిన్నె గరిటెతో కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మా సుబ్బరత్నం పాలు అడుగంటిస్తది. కలపటం రాదు దానికి," అంది వెంకాయమ్మ. రాహేలు తట్టుకోలేక ఆమె పాదాల మీద చెయ్యి వేసింది. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు.

కాసేపయ్యాక వెంకాయమ్మ డబ్బా మూత తీసింది. "ఏదీ, నేను తిన్నదేందో నాకు తెలియాల గదా."

"వద్దమ్మా! గుడ్డుంది అందులో."

"ఒక్కొక్కటే లెక్కబెట్టి నీ చేతికిచ్చింది ఎవరే? నాకు తెలవదా?"

ఆమె ఒక చిన్న ముక్క తీసి, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. పాస్టరమ్మ తిన్నప్పుడు గానీ, బంగళాలో దొరసాని తిన్నప్పుడు గానీ రాహేలు అంత ఆత్రంగా ఎవరి ముఖమూ చూడలేదు. వెన్న కరిగి, కిస్మిస్ పంటికింద పడి, వెంకాయమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆమె కళ్లు తెరిచి రాహేలు వైపు చూసింది.

"దీనికి కూలి ఎంత చెప్పావు మావాడికి?"

"పన్నెండమ్మా."

"చానా తక్కువ చెప్పావే పిచ్చిదానా," అంటూ వెంకాయమ్మ ఇంకో ముక్క కోసం డబ్బాలో చెయ్యి పెట్టింది.